తిరిగి అడిగిన తాంబూలం

ఆ అమ్మాయి నా నీళ్ళసీసా మూత తీసి ఇచ్చింది. ఏదో ప్రమాదం ఉందని నాకు మొదటిసారి అనిపించింది సరిగ్గా ఆ క్షణంలోనే.

ఆ మూత నాకే రాలేదు. మాట్లాడుతూనే రెండుసార్లు తిప్పి చూశాను, బిగుసుకుపోయి ఉంది. బల్లకి అవతల కూర్చున్న ఆమె "ఇటియ్యక్కా" అని చెయ్యి చాపి, ఒక్క తిప్పుతో తీసి, సీసా నా ముందు పెట్టి నవ్వింది. మంచు కురిసే రోజుల్లో అదే కుర్చీలో కూర్చుని, పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవడం లేదని, పాపకి జడ వెయ్యలేకపోతున్నానని ఏడ్చిన మనిషి. ఇప్పుడింకా వేసవి సగం కూడా కాలేదు.

పక్కన ఆమె తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సంతోషించాల్సిందే, ఎవరైనా. నేను మాత్రం మూత సంగతి మరిచిపోయి ఆమె ముఖమే చూస్తున్నాను. బుగ్గలు నిండాయి. నిండటం కాదు, గుండ్రంగా ఉబ్బాయి. గడ్డం కింద కొత్తగా మెత్తదనం వచ్చింది. ఉప్పు తగ్గించి, మైదా మానేసి, రోజూ నడుస్తున్న మనిషి ముఖం అలా మారకూడదు.

అప్పట్లో నేను అమెరికాలో, అరోరా దగ్గర ఒక కీళ్ళవ్యాధుల క్లినిక్‌లో డైటీషియన్‌ని. మా చిన్నవాడికి తరచూ ఒంట్లో బాగుండకపోవడంతో ఆ ఉద్యోగం వదిలేశాను. ఈ చదువు చదవడానికి కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఇప్పటికీ ఫోన్ చేసి, "మీ అనుభవంలో ఒక కేసు చెప్పండక్కా" అని అడుగుతుంటారు. మొత్తం కలిపి కొద్ది ఏళ్ళ ఉద్యోగం, దానికి అనుభవం అనే మాట పెద్దది. కానీ చెప్పాల్సిన కేసు ఇదొక్కటి ఉంది. పిల్లలు పడుకున్నారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆమెకి లూపస్. మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ మన ఒంటినే శత్రువనుకుని దాడి చేసే జబ్బు. ఒకరికి కీళ్ళు, ఒకరికి చర్మం, మరొకరికి కిడ్నీలు. ఆమెకి కీళ్ళలో మొదలైంది. కిడ్నీల మీదికి వెళ్ళకుండా చూడాలని మా డాక్టర్ కంగారు. ఆయన మాత్రలు రాసి, తిండి సంగతి చూడమని నా గదికి పంపాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాలుగేళ్ళ పాప, ప్రాజెక్ట్ పని మీద వారమంతా జెర్సీ సిటీలో ఉండే భర్త. సాయానికని కరీంనగర్ వైపు నుంచి తల్లి వచ్చింది.

తిండితో లూపస్‌ని నయం చేసే విద్య నా దగ్గర లేదు. ఉందని చెప్పేవాళ్ళని నేను నమ్మను. మాత్ర తన పని చేస్తుంటే తిండి పక్కన నిలబడి సాయం పడుతుంది, అంతే. ఆమెకీ అదే చెప్పాను. కిడ్నీల కోసం ఉప్పు తగ్గించమన్నాను. చేపలు, అవిసె గింజలు తినమన్నాను. రక్తపరీక్షలో తక్కువ ఉందని తేలాక డాక్టర్ రాసిన విటమిన్ డి వేసుకోమన్నాను. సలాడ్ల మీద చల్లే అల్ఫాల్ఫా మొలకలు ఈ జబ్బుని రేపవచ్చు, ముట్టుకోవద్దన్నాను. నిద్ర, నడక సరే. అన్నిటికన్నా ముఖ్యం ఎండ తగలకుండా చూసుకోవడం అని చెబితే ఆమె నవ్వేసింది.

"మన కలర్‌కు సన్‌స్క్రీన్ ఎందుకక్కా? తెల్లోళ్ళకు గానీ."

"ఎండ నీ కలర్ చూసి రాదు. కార్ డ్రైవ్ చేసేటప్పుడు కూడా రాసుకో."

పచ్చళ్ళు కూడా మానమన్నానని తల్లికి మాత్రం ఒక్కటే బాధ. "తొక్కు లేకుంటే దానికి ముద్ద దిగదు బిడ్డా. మామిడికాయ తొక్కు ఇంత బంద్ జేస్తే ఇగ ఏంబెట్టుకొని తినాలె?"

"పొడులు చేసి పెట్టండమ్మా, ఉప్పు తక్కువ వేసి. కరివేపాకు పొడి మంచిది. మొదటి ముద్దలో కలుపుకుంటే తొక్కు గుర్తు రాదు."

ఆవిడ ముఖం వికసించింది. "గట్ల జెప్పు మరి!"

ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఆ పొడి చేసుకోమన్నది నేనే.

తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆమె మెరుగ్గానే ఉంది. క్లినిక్‌లో నాకు పేరొచ్చింది. మా సీనియర్ నర్స్ కారిడార్‌లో ఎదురైనప్పుడల్లా "ఇదిగో మా మాంత్రికురాలు" అనేది. ఒక రోజు మధ్యాహ్నం అందరూ కలిసి భోంచేసేటప్పుడు ఈ డైట్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు డాక్టర్. నాకు పొగడ్త చేదని కాదు. కానీ నేను రాసిచ్చిన తిండిలో అంత బలం లేదని నాకు తెలుసు. అవిసె గింజలు తిని ఎవరూ ఇంత త్వరగా బిగుసుకున్న మూతలు తియ్యరు.

మూత తీసిన రోజునే రక్తపరీక్ష ఫలితాలూ వచ్చాయి. షుగర్ ఎక్కువగా ఉంది. ఆమెకి అంతకుముందు షుగర్ లేదు. ఆమె ముఖం, షుగర్, నొప్పులు మాయమవడం, మూడూ కలిపి చూసి డాక్టర్ నన్ను పక్కకి పిలిచాడు.

"స్టెరాయిడ్స్ వాడుతున్నట్టుంది. నేనిచ్చినవి ఎప్పుడో ఆపేశాను. మీ దేశంలో చీటీ లేకుండా కొనుక్కోవచ్చటగా. మీ భాషలో నువ్వే అడుగు."

లోపలికి వెళ్ళి అడిగాను. "ఇండియా నుంచి ఏమైనా మందులు తెప్పించుకుంటున్నావా? నిజం చెప్పు, నేను తిట్టను."

"ఏం లేవక్కా. అసలు డాక్టర్ ఇచ్చిన మాత్రలే వేసుకుంటలేను."

"అదేంటి?"

"నొప్పులే లేవు గద, ఇగ మాత్రలెందుకు? నీ డైట్ చాలు."

అందుకు కోప్పడ్డాను. ఆ మాత్రలు నొప్పి కోసం కాదు, కిడ్నీల కోసమని మళ్ళీ చెప్పాను. తల ఊపింది. స్టెరాయిడ్ మాత్రల గురించి ఇంకోసారి, ఇంకోలా అడిగాను. ఈసారి ఆమె ముఖం ముడుచుకుపోయింది.

"నమ్మకుంటే నా పాప మీద ఒట్టు అక్కా."

తల్లి అయినవాళ్ళు పిల్లల మీద ఒట్టు పెడితే ఇంక అడగకూడదు. మన మర్యాద అది. నేను అడగలేదు. అయినా నమ్మలేదు. దొంగచాటుగా మాత్రలు మింగుతోందని, ఆఖరికి పాప మీద కూడా అబద్ధపు ఒట్టు పెట్టిందని అనుకున్నాను. తల్లి వైపు చూస్తే ఆవిడ గోడకి తగిలించిన కిడ్నీ బొమ్మని శ్రద్ధగా చూస్తోంది.

వెళ్ళేముందు ఆవిడ లేచి, నేను వద్దనే లోపే నా నుదుట కుంకుమ పెట్టి, చేతిలో ఒక సంచి పెట్టింది. పేషెంట్ల దగ్గర ఏమీ తీసుకోకూడదని మాకు రూలుంది. కుంకుమ పెట్టించుకున్నాక తాంబూలం తిప్పి పంపే ధైర్యం నాకు లేదు. సంచిలో జాకెట్టు ముక్క, పసుపు కొమ్ములు, అరటిపండు, ఒక జిప్‌లాక్ కవర్‌లో పొడి.

"నువ్వు జెప్పిన కర్రేపాకు పొడే బిడ్డా. మీ ఇంటిల్లిపాది తినుండ్రి. కీళ్ళకు మంచిది."

ఇక్కడ తాంబూలపు సంచుల గతి అందరికీ తెలిసిందే. ఒకరింట్లో వచ్చిన జాకెట్టు ముక్క ఇంకొకరింటికి, అక్కణ్ణుంచి మరొకరింటికి ప్రయాణం చేస్తూనే ఉంటుంది. నేనూ అరటిపండు తినేసి, సంచిని అలమరలో మిగతా సంచుల మీద పడేశాను.

కొన్ని వారాలకి ఇంట్లో ఇంకో అనుమానం మొదలైంది. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడకి షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉండేది. ఉన్నట్టుండి పెరగడం మొదలుపెట్టింది. నాకు వెంటనే మైసూర్‌పాక్ మీద అనుమానం వచ్చింది. మా ఆయన ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన డబ్బాని పై అరలోకి మార్చాను. రోజూ ముక్కలు లెక్క చూసుకునేదాన్ని. తగ్గడం లేదు. అయితే గుళ్ళో ప్రసాదం అయుంటుందనుకున్నాను. లేదంటే పిల్లల చాక్లెట్లు.

"అత్తయ్యా, నిజం చెప్పండి, స్వీట్లేమన్నా తింటున్నారా?"

"అమ్మాయ్, నీకు ఉద్యోగం డైటీషియన్‌దా, పోలీసుదా? నా పక్క కింద కూడా వెతుక్కో, పోయి."

షుగర్ సంగతి ఎలా ఉన్నా ఆవిడ మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. మెట్లు చకచకా ఎక్కేస్తున్నారు. ఇక్కడి గాలి పడిందమ్మా అనేవారు. అది విని కూడా నాకేమీ తట్టలేదు. క్లినిక్‌లో ఒక మనిషి, ఇంట్లో ఒక మనిషి, ఇద్దరికీ నొప్పులు తగ్గాయి, ఇద్దరికీ షుగర్ పెరిగింది. నేను మాత్రం మైసూర్‌పాక్ ముక్కలు లెక్కపెడుతున్నాను.

ఆకులు రంగు మారే రోజుల్లో, ఒక శనివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. గుళ్ళో ఎవరినో అడిగి నా నంబరు సంపాదించారట.

"బిడ్డా, నేను. క్లినిక్‌ల సంచిచ్చిన చూడు, ఆమెను."

"చెప్పండమ్మా."

"ఆ సంచిల పొడి ఉన్నదా, అయిపోయిందా?"

"ఎందుకమ్మా?"

"ఉంటే జర వాపసిస్తవా? ఏమనుకోకు. మళ్ళ మంచి చీర బెడత నీకు."

తాంబూలం ఇచ్చి తిరిగి అడిగిన మనిషిని నా జన్మలో చూడలేదు. చెప్పుకోవడానికే తల తీసేసినట్టుంటుంది మనవాళ్ళకి.

"కరివేపాకు స్టోర్‌లో దొరుకుతుంది కదమ్మా?"

"కర్రేపాకు ఉన్నది బిడ్డా. అండ్ల కలిపేది లేదు."

"ఏం కలిపేది?"

ఆవిడ మెల్లగా చెప్పింది. వాళ్ళ వైపు ఒకాయన కీళ్ళ నొప్పులకి పొడి ఇస్తాడట. ఆకుల మందే, ఏమీ కాదన్నాడట. చేదుగా ఉంటుందని, పైగా కూతురు ఇలాంటివి నమ్మదని, ఆవిడ దాన్ని కరివేపాకు పొడిలో కలిపి పెట్టింది. నేను పొడి చేసుకోమన్న రోజు నుంచీ.

"దానికి తెల్వదు బిడ్డా. దాని మీద ఒట్టు, దానికేం తెల్వదు."

మళ్ళీ తేవాల్సిన పొట్లం ఆవిడ కొడుకు సూట్‌కేసులో ఉంది. ఆ అబ్బాయి వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళి, అపాయింట్‌మెంట్ వెనక్కి జరగడంతో హైదరాబాద్‌లో ఆగిపోయాడు. ఇక్కడ పొడి అయిపోయింది.

"ఇప్పుడు ఎలా ఉంది తను?"

"మొన్నటిసంది తిన్నదంత కక్కుతున్నది. లేస్తే కండ్లు తిరుగుతున్నయంటది. ఇప్పుడు పిలిస్తే జల్ది పలుకుతలేదు."

సరిగ్గా అప్పుడే నా కళ్ళు డైనింగ్ టేబుల్ మీదికి వెళ్ళాయి. మా అత్తగారు వేడి అన్నంలో పొడి వేసుకుని, నెయ్యి పోసుకుని, మొదటి ముద్ద కలుపుతున్నారు. పక్కన స్టీలు డబ్బా, దానికింద ఖాళీ జిప్‌లాక్ కవర్. సంచి వృథాగా పడి ఉండటం చూడలేక ఎప్పుడో విప్పి డబ్బాలో పోసుకున్నారు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను ఆ డబ్బాని.

"అత్తయ్యా! ఆ ముద్ద వదిలెయ్యండి!"

ఆవిడ అదిరిపడి చెయ్యి కంచంలో పెట్టేశారు. మా ఆయన ఫోన్‌తో ఆంబులెన్స్ కోసం 911కి చేసి, ఆవిడని అడిగి అడ్రస్ చెప్పాను. నా ఫోన్‌లో ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాను, తలుపు తీసి ఉంచమని, కూతుర్ని లేపి నిలబెట్టవద్దని. ఆంబులెన్స్‌వాళ్ళ మాట వినపడ్డాక డబ్బా పట్టుకుని హాస్పిటల్‌కి బయల్దేరాను. దారిలోనే మా డాక్టర్‌కి చెప్పాను. "అయితే ఆ పొడిలో స్టెరాయిడ్ ఉంది. నేను వాళ్ళకి ఫోన్ చేస్తాను" అన్నాడు.

ఏం జరిగిందో మీకు అర్థమయ్యేలా చెబుతాను. ఒంట్లో స్టెరాయిడ్ లాంటి పదార్థం ఒకటి సహజంగానే తయారవుతుంది. అది లేకపోతే రక్తపోటు నిలబడదు. బయట నుంచి రోజూ స్టెరాయిడ్ అందుతుంటే ఒళ్ళు తన పని మానేస్తుంది. బయటిది హఠాత్తుగా ఆగిపోతే రెండూ ఉండవు. ఆమెకి అదే అయింది. ఎమర్జెన్సీలో ఇంజెక్షన్ పడ్డాక గంటల్లోనే తేరుకుంది. అది సులువుగా తేలిన భాగం. నా ముందు తల ఊపి కూడా, నొప్పి లేదని ఇన్ని నెలలూ మాత్రలు మానేసింది కదా, ఆ చాటున మూత్రంలో ప్రోటీన్ పోవడం మొదలైంది. జబ్బు కిడ్నీల గుమ్మం దాకా వచ్చి నిలబడింది. పొడి దాన్ని ఆపలేదు, దాని చప్పుడు వినపడకుండా చేసింది.

కర్టెన్ పక్కన నేను నిలబడి ఉండగానే ఆమెకి సంగతంతా తెలిసింది. తల్లి వైపు చూడకుండా నా వైపు తిరిగింది.

"నేను ఒట్టు బెట్టిన గదక్కా. పాప మీద."

"నువ్వు అబద్ధం చెప్పలేదు. నీకు తెలియదు."

"నాతోటి దొంగ ఒట్టు ఏయించినవ్ గదనే అమ్మా." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

ఆ తల్లి మంచం కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆవిడ నోటి నుంచి ఒకటే మాట వచ్చింది.

"నువ్వు పాపకు జడ ఏసినవ్ గద బిడ్డా. నా కండ్లతోని జూసిన."

కూతురు కళ్ళు మూసుకుని, తల్లి చేతి మీద చెయ్యి వేసింది. క్షమించిందో, అలిసిపోయిందో నాకు తెలియలేదు. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి, స్టెరాయిడ్‌ని డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించాడు, కిడ్నీలు నిలబడ్డాయి. తర్వాత వచ్చిన ప్రతిసారీ వేళ్ళు కొంచెం నొప్పిగానే ఉన్నాయంది. ఆ నొప్పి విన్నప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది.

అప్పటి నుంచి నేను ఎవర్నీ "మందులేమైనా వాడుతున్నారా" అని అడగడం మానేశాను. మనకి పొడి మందు కాదు, కషాయం మందు కాదు, తేనెలో రంగరించి నాకించేది మందు కాదు. అవన్నీ తిండి. అందుకని పొద్దున లేచిన దగ్గర నుంచి నోట్లోకి ఏమేం వెళ్తుందో చెప్పమనేదాన్ని. అది ఎవరు కలిపారు, కలిపేటప్పుడు మీరు చూశారా అని కూడా. చాలామందికి ఆ ప్రశ్న నచ్చదు. మీరు కూడా అడగండి, నచ్చకపోయినా ఫర్వాలేదు.

హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చేసరికి మా అత్తగారు సోఫాలో కూర్చుని ఉన్నారు. ఆ పొడిని హఠాత్తుగా ఆపినా ఇబ్బందే కాబట్టి, ఫోన్‌లో తన డాక్టర్ ఏం చెయ్యాలో చెప్పారట, సోమవారం పొద్దున్నే రమ్మన్నారట. షుగర్ ఎందుకు పెరిగిందో తేలిపోయింది.

"చూశావా? నా మైసూర్‌పాక్‌కి నువ్వు కావలి కాశావు. దొంగ నా కంచంలోనే కూర్చుంది." నవ్వబోయారు, నవ్వు రాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు చూసుకుంటున్నారు. "అమ్మాయ్... ఒక మాట. మొన్నొకరోజు చిన్నాడు అన్నం తినకుండా మారాం చేస్తుంటే, వాడికీ ఒక ముద్ద కలిపి పెట్టా. నెయ్యి వేసి. కమ్మగా ఉందని ఇంకో ముద్ద అడిగాడు."

వెంటనే పిల్లల డాక్టర్‌కి చేశాను. ఒకటి రెండు ముద్దలకి ఏమీ కాదు, భయపడకండి అన్నారు. నమ్మాను. నమ్మి కూడా, వాడు పడుకున్నాక వెళ్ళి బుగ్గలు చూశాను, గుండ్రంగా ఉన్నాయేమోనని. నాలుగేళ్ళ పిల్లాడి బుగ్గలు గుండ్రంగానే ఉంటాయి కదా.

పొద్దున్న పిల్లలిద్దరికీ ఇడ్లీలు పెట్టాను. మా అత్తగారు కావాలనే దూరంగా, కిటికీ పక్కన కూర్చున్నారు. ఆవిడకి వినపడాలనే గట్టిగా చెప్పాను, కోపంతో కాదు.

"ఇద్దరూ వినండి. ఎవరు ఏది నోట్లో పెట్టినా, ఇందులో ఏముందని అడగండి. తెలియదంటే తినకండి. అడిగితే ఎవరికీ కోపం రాదు. వచ్చినా నేను చూసుకుంటాను."

పెద్దది ముఖం చిట్లించింది. "స్ట్రేంజర్స్‌ని కదా అమ్మా? స్కూల్‌లో చెప్పారు."

"స్ట్రేంజర్స్‌ని కాదు. వాళ్ళు పెట్టేది నువ్వు ఎలాగూ తినవు. మనవాళ్ళని అడగాలి. ఆంటీలని."

"నానమ్మని కూడా?"

కిటికీ దగ్గర నుంచి మా అత్తగారే పలికారు. "నన్ను కూడా అడగండమ్మా."

చిన్నవాడు చట్నీలో ముంచిన ఇడ్లీ ముక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. నా వైపు అనుమానంగా చూశాడు. వాడికి ఆ చూపు అంతకు ముందు లేదు. నేను నేర్పాను.

"అమ్మా, నిన్ను కూడా ఆస్క్ చెయ్యాలా?"

"ముందు నన్నే అడగాలి" అన్నాను. "కొబ్బరి, పుట్నాల పప్పు, పచ్చిమిరపకాయ, కాస్త ఉప్పు. ఇప్పుడు తిను నాన్నా."